కూనూ వాళ్ళమ్మ చెప్పిన నలభై ఒక్క జవాబులు

వసంతంలో ఉత్తరధ్రువం దగ్గరి ఆ ఊరికి ముందు మంచుపిచ్చుకలు వస్తాయి, వాటి వెనక బాతులు వస్తాయి, బాతుల వెనక పరిశోధకులు వస్తారు. బాతులు ఏ ఏడు ఏ చెరువు దగ్గర దిగుతాయో జైపీటీ లాంటి వేటగాడు కూడా ఒట్టేసి చెప్పలేడు. పరిశోధకులు మాత్రం తిన్నగా వచ్చి జైపీటీ ఇంట్లోనే దిగుతారు. అదంతా అతని భార్య కూనూ చేసుకున్న కర్మ.

ముప్పయ్యేళ్ళ కిందట హోటల్లో కుళాయి గడ్డకట్టిందని ఒకాయన వచ్చి వాళ్ళ తలుపు తట్టాడు. ఆ ఊళ్ళో తలుపు తట్టేవాడు పోలీసైనా అయ్యుండాలి, తెల్లవాడైనా అయ్యుండాలి. మిగతావాళ్ళు తోసుకుని లోపలికి వచ్చేస్తారు. పోలీసు కాదు కదా అన్న సంతోషంలో కూనూ ఆయనకి వేడివేడి బానక్ రొట్టె, చేపల పులుసు పెట్టి, వెనక గదిలో పక్క వేసింది. ఆయన దక్షిణానికి తిరిగి వెళ్ళి తన పరిశోధన గురించి ఏం చెప్పాడో తెలీదుగాని, రొట్టె గురించి మాత్రం దేశమంతా చాటినట్టున్నాడు. అప్పటినుంచీ ఆ వెనక గది ఒక్క వసంతమైనా ఖాళీగా లేదు.

ఎవరు వచ్చినా తమ యూనివర్సిటీ బొమ్మ ఉన్న కప్పు ఒకటి ఇచ్చి వెళ్తారు. అలా పద్నాలుగు కప్పులు పోగయ్యాయి. ఒకదాంట్లో కూనూ సూదులు వేసుకుంటుంది, ఒకదాంట్లో జైపీటీ కట్టుడుపళ్ళు నానుతాయి, మిగతావాటిలో తర్వాత వచ్చిన పరిశోధకులు టీ తాగుతారు. బాతుల రెట్ట ఏరుకోవడానికి వచ్చినాయన దాన్ని చిన్న చిన్న సంచుల్లో కట్టి, చీటీలు అంటించి, కూనూ ఫ్రీజర్లో చేపల పక్కన దాచాడు. అందులో ఒక సంచిని జైపీటీ ఒకనాడు టీపొడి అనుకున్నాడు. ఆ సంగతి ఆ ఇంట్లో ఎత్తకూడదు.

అందరిలోకీ ఘనురాలు ఇంకొకామె. ఊరివాళ్ళు ప్రశ్నలతో విసిగిపోయారా లేదా అని తేల్చడానికి నూటపన్నెండు ప్రశ్నలు పట్టుకొచ్చింది. అరవయ్యో ప్రశ్న దగ్గర కూనూ కూర్చున్నచోటే నిద్రపోయింది. ఆమె దాన్ని "అభిప్రాయం లేదు" అని రాసుకుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ ఊళ్ళో అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. అయినా కూనూకి వీళ్ళంటే కోపం లేదు. ఇల్లు వదిలి ఇంతదూరం వచ్చిన పిల్లలు, చలికి ముక్కులు ఎర్రబడి, ఏదో అడుగుతారు, పాపం చెప్తే ఏం పోయింది అనుకునేది. అరవై ఏళ్ళ మనిషి, మెత్తని మనసు. ఆ మెత్తని మనసులో ఒకే ఒక్క గట్టి చోటుంది. అది వాళ్ళమ్మ.

వాళ్ళమ్మ పేరు ఊతోవా. ఎనభై ఎనిమిదేళ్ళు బతికి పోయింది. ఆవిడ పోయిన ఆ చలికాలంలోనే కూనూ కూతురు మియాలియాకి ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్లకి ఊతోవా అని పేరు పెట్టారు. పేరు పెట్టాక ఇక ఆ పిల్లే ఊతోవా. మన ఇళ్ళలో నాయనమ్మ పేరు పెట్టుకున్న పిల్లని తిట్టడానికి కోడలు ఎలా నోరు కట్టుకుంటుందో తెలుసుకదా, అక్కడ అది ఇంకా నాలుగాకులు ఎక్కువ. అరవై ఏళ్ళ కూనూ ఆ ఏడేళ్ళ పిల్లని "అమ్మా" అని పిలుస్తుంది. పిల్ల కూనూని "అమ్మాయ్" అంటుంది. కన్నతల్లి మియాలియా తన కూతుర్ని "అమ్మమ్మా, ముక్కు తుడుచుకో" అంటుంది.

వీళ్ళందరి మధ్య నలిగిపోయేది జైపీటీ. ఎలుగుబంటికి ఎదురెళ్ళిన మనిషి, ఆ పిల్ల ఎదురుపడితే మాత్రం టోపీ సర్దుకుంటాడు. అత్తగారు మరి. బతికున్న రోజుల్లో ఆవిడ ముందు గట్టిగా మాట్లాడి ఎరగడు, ఇప్పుడు మాట్లాడతాడా? ఆ పిల్ల అతని కట్టుడుపళ్ళ కప్పులో రంగుపెన్సిళ్ళు ముంచి కడిగినా పల్లెత్తు మాట అనలేదు. బయటికి వెళ్ళి తన మంచుబండిని ఒక్క తన్ను తన్ని వచ్చాడు. అత్త మీద కోపం దుత్త మీద అన్నారు ఊరికే కాదు.

ఈ కొంపలోకి ఆరేళ్ళుగా వచ్చిపోతున్నవాడు డాక్టర్ వింటన్. పొడుగ్గా, వంగిపోయి ఉంటాడు. ఎప్పుడు చూసినా తల దించుకుని నోట్‌బుక్కులో రాసుకుంటూనో, కంప్యూటర్లో కొట్టుకుంటూనో ఉంటాడు. ఆరేళ్ళలో కూనూ అతని నడినెత్తిని చూసినంతగా మొహం చూడలేదు. సముద్రం మీద మంచు ఎప్పుడు గట్టిపడుతుంది, ఎప్పుడు కాలు పెట్టకూడదు అన్నది అతని చదువు. ఊరివాళ్ళ భాష తన గురువుగారు రాసిన పాత వ్యాకరణం పుస్తకంలోంచి నేర్చుకున్నాడు. అందుకని అతను నోరు తెరిస్తే ప్రార్థన చదువుతున్నట్టుంటుంది.

కిందటి చలికాలం అతను దక్షిణం నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు.

"కూనూ గారూ, ఈ పరిశోధనయందు తమరు, తమ గ్రామస్థులు మాతో సమాన భాగస్వాములుగా ఉండుటకు సమ్మతింతురా?"

కూనూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, సంతోషంగా కనుబొమలు రెండూ పైకి ఎగరేసింది. ఆ ఊళ్ళో అవునంటే కనుబొమలు ఎగరేస్తారు. కాదంటే ముక్కు చిట్లిస్తారు. నోటి దాకా ఎవరూ వెళ్ళరు, చలికి నోరు తెరవడం ఎందుకు?

"కూనూ గారూ? ఉన్నారా?"

ఈసారి ఇంకాస్త గట్టిగా ఎగరేసింది.

పక్కన కత్తి నూరుకుంటున్న జైపీటీ చూసి చూసి అన్నాడు. "ఏమేవ్, ఫోన్లో కనుబొమలు ఎగరేస్తే వాడికెట్టా వినపడుతుందే?"

"అవునన్నాను కదా!"

"నాకన్నావు. వాడికి అనలా."

అప్పటికే లైను తెగిపోయింది. మూడుసార్లూ ఇదే తంతు. మౌనం అర్ధాంగీకారం అని మన పెద్దలు ఊరుకున్నారుగాని, యూనివర్సిటీవాళ్ళకి అర్ధం చాలదట. "గ్రామం స్పందించలేదు" అని రాసి ఆ ఏడు నిధులు ఆపేశారు.

మళ్ళీ ఏప్రిల్లో వింటన్ దిగాడు, కూనూకి కంటిచుక్కల మందు తీసుకుని. "తమ నేత్రములు తరచుగా అదురుచుండుట గమనించితిని," అన్నాడు దిగులుగా. ఆరేళ్ళుగా ఆమె చెప్పిన ప్రతి అవునూ అతని లెక్కలో కంటిజబ్బు. కూనూ నవ్వాపుకుని, సీసా తీసుకుని సూదుల కప్పు పక్కన పెట్టింది. అప్పుడే చెప్పేసుంటే ఈ కథ లేదు. కానీ మొహం మీద చెప్తే పిల్లవాడు సిగ్గుపడతాడేమో అని ఊరుకుంది. ఆమె మెత్తదనంతో వచ్చే తిప్పలు ఇలాంటివే.

ఈసారి అతను రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి ఊరి తరఫున సంతకం కావలసిన కాగితం. శుక్రవారంలోగా అది దక్షిణం చేరకపోతే ఈ ఏడూ అంతే సంగతులు. రెండోది కానుక. యాభై ఏళ్ళ కిందట అతని గురువుకి గురువు, మెరివేల్ దొర అనే ఆయన, ఇదే ఊళ్ళో ఊతోవాని కూర్చోబెట్టి మంచు గురించి ప్రశ్నలడిగి టేపు చేశాడట. ఆ టేపు యూనివర్సిటీ బీరువాలో పడుంటే దులిపి, బాగుచేసి, ఊరికి తిరిగి ఇవ్వడానికి తెచ్చాడు.

అమ్మ గొంతు అనేసరికి కూనూ చేతిలో పిండి ముద్ద జారి నేలమీద పడింది.

మంగళవారం హాల్లో మీటింగు. వచ్చినవాళ్ళ పేర్లు చీటీలేసి ఒకరికి పీపాడు పెట్రోలు ఇస్తారని రేడియోలో చెప్పారు. దాంతో ముసలీ ముతకా, చంటిపిల్లలూ అందరూ వచ్చారు. "ఇంత ఉత్సాహమా!" అని వింటన్ కళ్ళు చెమర్చాయి. గోడమీద బొమ్మ వేసి చూపించాడు. రెండు పెద్ద గుండ్రాలు, ఒకటి 'మీరు', ఒకటి 'మేము', మధ్యలో అవి కాస్త ఒకదాని మీదికొకటి ఎక్కి ఉన్నాయి.

వేటగాళ్ళ సంఘం పెద్ద పడ్లూక్ వెనక బెంచీలోంచి అడిగాడు. "ఆ రెండూ కలిసిన చోట ఎవరుంటారు?"

"మనమందరమును," అన్నాడు వింటన్.

"మరి అంత ఇరుకేం? కాళ్ళు చాపుకోడానికి కూడా లేదే?"

హాలంతా గొల్లుమంది. వింటన్ తల దించుకుని 'స్థలాభావం' అని రాసుకున్నాడు. చివరికి పడ్లూక్ లేచి, "ఇన్నేళ్ళూ వీళ్ళందరికీ తిండిపెట్టింది కూనూ. వీళ్ళ గుట్టుమట్లు దానికే తెలుసు. కూనూ సంతకం పెడితే ఊరు పెట్టినట్టే," అని తేల్చేశాడు. పెట్రోలు పీపా జైపీటీకే వచ్చింది. చీటీ తీసింది అతని అత్తగారే కాబట్టి కాసేపు గొడవ జరిగింది.

మామూలుగా అయితే చీటీ తీశాక హాలు ఖాళీ అయిపోవాలి. ఈసారి ఒక్కరూ కదల్లేదు. ఊతోవా గొంతు వినాలి. ఏడేళ్ళ ఊతోవాని ముందు కుర్చీలో కూర్చోబెట్టారు, ఆ గొంతు ఆ పిల్లదే కదా.

టేపు మొదలైంది. మెరివేల్ దొర గొంతు. అతనూ వ్యాకరణంలోంచే మాట్లాడాడు. "ఈ అఖాతమునందు మంచు ఆలస్యముగా కరుగునా?" తర్వాత నిశ్శబ్దం. కెటిల్ మూత టకటకలాడింది. ఎక్కడో కుక్క మొరిగింది. "రెండవ ప్రశ్న." మళ్ళీ నిశ్శబ్దం. మూడు. నిశ్శబ్దం.

పిల్ల వెనక్కి తిరిగింది. "అమ్మాయ్, నేనెప్పుడు మాట్లాడతాను?"

హాలు మళ్ళీ ఫక్కుమంది. ఎందుకంటే ఆ కథ ఊరందరికీ తెలుసు. బతికున్నన్నాళ్ళూ ఊతోవా ఏ విందులో అయినా అదే వేషం కట్టేది. మెడ వంచి, కళ్ళు టేపు పెట్టె మీది ముల్లుకి అతికించి, ఆ ముల్లునే ప్రశ్నలడిగే దొరలాగా ఒకసారి, అతని నెత్తికి కనుబొమలు ఎగరేసి ఎగరేసి అలిసిపోయే తనలాగా ఒకసారి. "ఒక్కసారి తలెత్తి ఉంటే నా జవాబులన్నీ నా మొహం మీదే ఉన్నాయర్రా! ఆ రాత్రి నుదురు నొప్పికి ఆకుపసరు రాసుకున్నాను," అనేది. అప్పుడు పదేళ్ళ కూనూ ఆ గదిలోనే మూల కూర్చుని, మెత్తబడటానికి బూటుతోలు నములుతోంది. అంతా చూసింది.

ఇరవై ఏడో ప్రశ్న వచ్చింది, వాళ్ళు వేటాడే సీలు జంతువు గురించి. దొర చాలా గంభీరంగా అడిగాడు. "తమరు పట్టు సీలునకు తమ పేరు తెలియునా?"

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత నవ్వు. చిన్నది, ముక్కులోంచి మొదలై గొంతులో దొర్లిన నవ్వు.

ఏడేళ్ళు దాటింది కూనూ ఆ నవ్వు విని. "ఇంకోసారి పెట్టు," అంది. పెట్టాడు. "ఇంకోసారి." ఐదుసార్లు పెట్టించుకుంది. ఐదోసారికి హాల్లో ముసలివాళ్ళు కూడా ముక్కులు తుడుచుకున్నారు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! వింటన్ పొంగిపోయి, మెరివేల్ దొర రాసిన పుస్తకాన్ని కూడా కానుకగా కూనూ చేతిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ మియాలియా, బళ్ళో టీచరు కదా, దాన్ని తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగిపోయింది.

"అమ్మా, ఇది చదవనా వద్దా?"

"చదువు."

"ఏడవ సాక్షి, ఒక ముసలి స్త్రీ. మంచు గురించి ఈమెకు ఏమీ తెలిసినట్టు లేదు. నలభై ఒక్క ప్రశ్నలలో నలభైకి జవాబు లేదు. ఒకదానికి దగ్గింది."

ఈ మంచు దాటొచ్చా అని ఊరంతా ఎవరి గుమ్మంలోకి వచ్చి నిలబడేదో, ఎవరు ముక్కు చిట్లిస్తే పడ్లూక్ వాళ్ళ నాన్న బండి వెనక్కి తిప్పుకునేవాడో, ఆ మనిషి గురించి రాసిన రాత అది.

"అప్పటికి మా అమ్మకి నలభై ఆరేళ్ళు," అంది కూనూ నెమ్మదిగా. "ముసలిదన్నాడు, పోనీ. ఏమీ తెలీదన్నాడు, పోనీ. నవ్వితే దగ్గంటాడా!"

పిల్ల రొట్టె తినడం ఆపేసింది. "నాకు మంచు తెలీదని రాశారా? నేనెప్పుడన్నాను తెలీదని?" అంది. కింది పెదవి ముందుకొచ్చింది. అది చూశాక కూనూకి అరికాలి మంట నెత్తికెక్కింది. అమ్మ పోయింది, అమ్మకి పుస్తకాలతో పనిలేదు అనుకోడానికి వీల్లేదు. అమ్మ ఎదురుగా కూర్చుని ఏడుపు ఆపుకుంటోంది. ఆ పేరు మోసుకుని ఈ పిల్ల ఇంకా ఎన్నేళ్ళు బతకాలి! రేపు పెద్దదై దక్షిణాన ఏ కాలేజీకో వెళ్తే, ఆ పుస్తకం అక్కడ దీనికోసం కాచుక్కూచుని ఉంటుంది.

వింటన్ కాగితం, పెన్ను పట్టుకుని వచ్చాడు. "తమరు ఇచట సంతకము..."

"పెట్టను," అంది కూనూ. ముక్కు కూడా చిట్లించలేదు, నోటితోనే అంది. "ముందు ఆ పేజీ దిద్దు."

వింటన్ నీళ్ళు నమిలాడు. "మెరివేల్ గారు మా యందరికిని పూజ్యులు. వారి చిత్రపటము మా మెట్లపై కలదు. ప్రతిదినమును దానిక్రిందుగా నేను నడువవలె."

"తల దించుకునే నడుస్తావుగా నాయనా, నీకేం కనపడుతుంది?"

"ఆధారము కావలయును కదా! టేపునందు నిశ్శబ్దమే యున్నది. తమ జ్ఞాపకము సాక్ష్యము కానేరదు."

"మా మంచుకి నా జ్ఞాపకం కావాలి. మా అమ్మకి పనికిరాదా?"

వింటన్ వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. బుధవారం గడిచింది. విమానం గురువారం సాయంత్రం. మధ్యలో జైపీటీ రాయబారం నడపబోయాడు. "పోనీలేవే, పెట్టేసెయ్యి. పిల్లవాడు అన్నం తినడం మానేశాడు. ఆ మంచు లెక్కలు మనకీ అక్కరకొస్తాయి కదా."

"మీ అత్తగారిని అడిగి రా. ఆవిడ సరేనంటే పెడతాను," అంది కూనూ.

జైపీటీ టోపీ సర్దుకుని వెళ్ళి అడిగాడు. అత్తగారు ముక్కు చిట్లించారు. ఇక ఆ ఊసెత్తలేదు.

గురువారం మధ్యాహ్నం కూనూ పిండి కలుపుతూ ఆలోచించింది. నోటితో చెప్పి ఒప్పించడం తనవల్ల కాదు. ఈ మనిషికి చెవులున్నాయి, చేతులున్నాయి. లేనిది ఒక్కటే. మూడున్నరకి బడి వదిలి పిల్ల రాగానే దాన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతికి రొట్టెముక్క ఇచ్చి, వెనక గదివైపు కేకేసింది. "వింటన్ బాబూ! అమ్మ వచ్చింది. మళ్ళీ అడుగుతావేమో అడుగు."

వింటన్ వచ్చాడు, కంప్యూటరుతో సహా. పాటలు వినే చిన్న పెట్టెలో టేపు పెట్టారు. అతను కంప్యూటరు తెరిచి, గొంతుల గీతలు ఎగుడుదిగుడుగా వచ్చే బొమ్మ మీదికి తల వంచాడు. మొదటి ప్రశ్న వినపడింది. తర్వాత గీత చదునుగా సాగింది. "నిశ్శబ్దము," అన్నాడు నీరసంగా.

కూనూ పిండి చేతులతో వచ్చి ఆ కంప్యూటరు మూత ఠపీమని మూసి, దానిమీద పిండి గిన్నె పెట్టింది. నోట్‌బుక్కు తీస్తాడేమోనని దానిమీద తనే కూర్చుంది. పెన్ను పిల్ల జడలో దోపింది.

"ఇప్పుడు చూడు," అంది.

చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి అతను తలెత్తాడు.

"రెండవ ప్రశ్న," అన్నాడు యాభై ఏళ్ళ కిందటి దొర. "పూర్ణచంద్రుని దినములయందు అలల పోటుకు మంచు అంచున చీలునా?" పిల్ల రొట్టె నములుతూ కనుబొమలు ఎగరేసింది. మూడో ప్రశ్న, "నల్లగా కనపడు మంచుపై నడువవచ్చునా?" పిల్ల ముక్కు చిట్లించింది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. నాలుగు, కనుబొమలు. ఐదు, కనుబొమలు. ఆరోదానికి ఆలోచించి కూనూవైపు చూసింది. "ఆ రోజూ అమ్మ ఇక్కడే ఆగింది," అంది కూనూ. తర్వాత పిల్ల ముక్కు చిట్లించింది, టేపులో దొర సరిగ్గా అప్పుడే "ఏడవ ప్రశ్న" అన్నాడు.

పదో ప్రశ్న దాకా వింటన్ కదల్లేదు. పదకొండోదానికి అతని నోరు కాస్త తెరుచుకుంది. పన్నెండోదానికి తిరిగి కూనూ మొహంలోకి చూశాడు. బహుశా ఆరేళ్ళలో మొదటిసారి.

"ఆ ఫోను..." అన్నాడు. వ్యాకరణం జారిపోయింది. "నేను ఫోన్ చేసినప్పుడు మీరు..."

కూనూ కనుబొమలు ఎగరేసింది.

"మూడుసార్లూనా?"

మళ్ళీ ఎగరేసింది.

"మరి ఆ కంటిచుక్కలు?"

"జైపీటీ మంచుబండి తాళానికి వేశాను. బాగా తిరుగుతోంది."

వింటన్ రెండు చేతులతో మొహం కప్పుకోబోయాడు. "తియ్యి, చూడు," అని గద్దించింది కూనూ. అతను చేతులు తీశాడు. ఇరవై ఐదు, ఇరవై ఆరు. జైపీటీ కూడా పని మానుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇరువది యేడవ ప్రశ్న. తమరు పట్టు సీలునకు తమ పేరు తెలియునా?"

పిల్ల నమలడం ఆపింది. కళ్ళు గుండ్రంగా తిరిగాయి. పెట్టెలోంచి అమ్మ నవ్వింది, బల్ల దగ్గర అమ్మ నవ్వింది, అదే ముక్కులోంచి మొదలై అదే గొంతులో దొర్లి. ఏది ముందో ఏది వెనకో కూనూకి తెలియలేదు. రొట్టె తునకలు ఎగిరి వింటన్ కళ్ళద్దాల మీద పడ్డాయి.

వింటన్ ఆ ప్రశ్నని తనలో తాను ఇంకోసారి అనుకున్నాడు. సీలు. పేరు. ఆరేళ్ళ చదువు బరువు కిందనుంచి అతనికీ నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి బల్లమీద తల పెట్టేశాడు. తల దించుకున్నందుకు ఈ ఒక్కసారికి కూనూ ఏమీ అనలేదు.

"అది దగ్గు కాదు," అన్నాడు చివరికి కళ్ళు తుడుచుకుంటూ.

"నేననలేదూ!" అంది పిల్ల.

మిగతా పద్నాలుగు ప్రశ్నలూ పూర్తయ్యేవరకూ అతను రెప్ప వేయకుండా చూసి, పెన్ను అడగడానికి బెరుకుగా పిల్ల జడవైపు చేయి చాచాడు. అత్తగారి జడ ముట్టుకోబోతున్నాడని జైపీటీ గుమ్మంలోంచే కంగారుగా దగ్గాడు. అదైతే నిజంగా దగ్గే. పిల్లే పెన్ను తీసి ఇచ్చింది. వింటన్ అక్కడే, పిండి మరకల బల్లమీదే, ఆ పేజీకి సవరణ రాసి సంతకం చేశాడు. కొత్త పుస్తకంలో మొదటి పేజీలో అచ్చువేస్తానని మాటిచ్చాడు. మెట్ల మీది పటం సంగతి ఏంచేస్తావని కూనూ అడిగితే, "ఇకపై దానివంక చూచుచు నడిచెదను," అన్నాడు.

"సరే. మరి సంతకం పెట్టమని అడగవేం?"

"తమరు సమ్మతింతురా?" అన్నాడు తలెత్తి, ఆమె మొహంలోకి చూస్తూ.

కూనూ ఎగరేసింది. అతను 'అవును' అని రాసుకున్నాడు. తర్వాత ఆమె పిండి చేతులతోనే సంతకం పెట్టింది. ఆ కాగితం పిండి వేలిముద్రలతో సహా విమానం ఎక్కింది. దక్షిణాన ఎవరైనా దాన్ని నాలికకి అంటించి చూశారేమో తెలీదు.

పుస్తకం మరుసటి వసంతంలో వచ్చింది, పిచ్చుకలకంటే ముందే. దాన్ని వింటన్ తనే తెచ్చాడు. తలుపు తట్టలేదు, తోసుకుని లోపలికి వచ్చాడు. పదిహేనో కప్పు మాత్రం తేలేదు. రెండో తరగతి దాటిన పిల్ల పుస్తకం నేలమీద పరుచుకుని, వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఇంట్లో అందరూ టీ ఆపి విన్నారు.

"ఊ-తో-వా. ఈమెను... నలభై ఒక్క... ప్రశ్నలు... అడిగారు. అన్నింటికీ... జవాబు చెప్పారు. ఇరవై ఏడోదానికి... నవ్వారు. అడిగినవారు... తల ఎత్తి చూడలేదు."

చదివి, పేజీ మీద అరచెయ్యి పెట్టుకుని, కూనూవైపు తిరిగింది. "అమ్మాయ్, నేను అన్నీ చెప్పాను కదా?"

కూనూ టీ కప్పు పక్కన పెట్టింది. మాటతో పనేముంది. కనుబొమలు రెండూ ఎంత పైకి పోతాయో అంత పైకి ఎగరేసింది, పిల్ల తలెత్తి చూసింది.